అన్నం తిని పోండి అని రాసినందుకు

నన్ను చూసి నవ్వినవాళ్ళ పేర్లు నాకిప్పటికీ కంఠతా వచ్చు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు మా దగ్గరే రాయి కొంటున్నారు. వాళ్ళ మీద కోపం ఎప్పుడో పోయింది. నవ్వించినవాడి మీద మాత్రం పోలేదు, పోనివ్వను కూడా. కోపాన్ని చల్లార్చుకోవాలని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేనైతే దాన్ని ఊరగాయలాగా తడి తగలకుండా దాచుకుంటాను.

మార్కాపురంలో మాకు పలకరాయి షెడ్డు ఉంది. అది మా నాయనది. రాచర్ల పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, వాన ముఖం చూడని ఆ చేలను నమ్ముకోలేక, కుర్రతనంలోనే ఇక్కడికి వచ్చి ఉలి పట్టాడు. అప్పట్లో ఈ రాయితో బడిపిల్లల పలకలు చేసేవాళ్ళు. పలకలు పోయాయి, గోడలకు అంటించే బిళ్ళలు వచ్చాయి. రాయి మారలేదు, మా నాయనా మారలేదు. చీల్చిన ప్రతి బిళ్ళనూ చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. దాన్ని పక్కన పడేస్తాడు.

ఆ ఏడు మాకు కొనేవాడు ఒక్కడే మిగిలాడు, ఊళ్ళో డీలరు. అతను చెప్పిందే ధర. ఎండలు ముదిరే రోజుల్లో ఒకనాడు అతను తీరిగ్గా వచ్చి షెడ్డులో కుర్చీ వేసుకున్నాడు.

"మామా, ఇంక నీకెందుకీ తిప్పలు? షెడ్డు నాకు లీజుకియ్యి. నువ్వు ఈడనే పని చేసుకో. నీకేం తక్కువ చేస్తానా?"

అంటే తన షెడ్డులో తానే కూలోడు కావాలన్నమాట. మా నాయన చేతులకంటిన రాయి దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, "దసరాకు ఓనరు లెక్కన మిషనుకు పూజ చేసేది నేనో నువ్వో, అప్పుడు చూద్దాంలే అల్లుడా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేను గిద్దలూరులో డిగ్రీ చదివి, ఒక ప్రైవేటు బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, మానేసి ఇంట్లో ఉన్నాను. దసరాలోపు డీలరును దాటుకుని, ఇళ్ళు కట్టేవాళ్ళను నేరుగా పట్టుకోవాలి. ఎట్లా? మాకు హైదరాబాదులో ఎవరూ లేరు, బెంగళూరులో అసలే లేరు. ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటు ఒకటుందని, అందులో చేరితే పనులు దొరుకుతాయని బడిలో తోటి టీచరు ఒకామె చెప్పింది. చేరాను. అందులో అందరూ కోట్లు వేసుకుని, చేతులు కట్టుకుని, పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. నేను షెడ్డు ముందు నిలబడి దిగిన ఫోటో పెట్టాను.

వెతుకుతుంటే ఒకతను కనిపించాడు. హైదరాబాదులో పెద్ద భవనాల లోపలి పనులు చేసే కంపెనీకి సరుకు కొనేది అతనే. అది కాక, ఆన్‌లైన్‌లో మంచి పరిచయాలు ఎలా పెంచుకోవాలో రోజూ పాఠాలు రాస్తుంటాడు. వేలమంది చదువుతారు. అతని పేజీలో కిందకు పోయి చూస్తే, అతను చదివింది గిద్దలూరులో. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. మనోడే! ఇంక ఆలోచించలేదు, రాసేశాను.

"అన్నా, నమస్తే. బాగున్నారా. మీది గిద్దలూరు అని చూసినా. ఏ ఊరు, ఎవరింటోళ్ళు? మాది రాచర్ల పక్క పల్లె, ఇప్పుడు మార్కాపురంలో ఉండాం. మా నాయనకు పలకరాయి షెడ్డు ఉంది. ఆయన రాయిని కొట్టి, చెవితో విని మంచిదేదో చెప్తాడు. మీ కంపెనీకి రాయి కావాలంటే చెప్పండన్నా. ఈ పక్కకు వస్తే మా ఇంట్లో అన్నం తిని పోండి."

ఇందులో తప్పేముందో నాకు అప్పుడు తెలియదు. మా దగ్గర కొత్త మనిషితో మాట మొదలయ్యేదే ఏ ఊరు, ఎవరింటోళ్ళు అని. వరస తేలాలి. అన్నో, మామో, చిన్నాయనో తేలకుండా బేరం ముందుకు పోదు. గొర్రెలు కొనడానికి వచ్చినవాడైనా, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడైనా, అన్నం వేళకు గడపలో ఉంటే తిని పోవాల్సిందే. తినకుండా పోతే మాకు నామోషీ. ఆ సైటు కూడా ఒక వీధే అనుకున్నాను నేను.

రెండు రోజుల తర్వాత అతని పోస్టు చూశాను. నా మెసేజే! ఫోటో తీసి అందరికీ పెట్టాడు. నా పేరు మీద నల్లగా గీత గీశాడు కానీ మార్కాపురం కనిపిస్తూనే ఉంది. "అన్నా" చుట్టూ ఎర్రగీత, "ఎవరింటోళ్ళు" చుట్టూ ఎర్రగీత, "అన్నం" చుట్టూ ఎర్రగీత. పైన ఇంగ్లీషులో రాశాడు. మారుమూలల నుంచి ఇలాంటివి వస్తుంటాయి, పరిచయాలు ఎలా చేసుకోకూడదో నేర్చుకోండి అని. మొదటి పాఠం, నేను నీ అన్నను కాను. రెండో పాఠం, నేను భోజనానికి రాలేదు. మూడో పాఠం, మీ నాన్నకు రాళ్ళు మాట్లాడుతున్నట్టు వినిపిస్తే నాకు కాదు, డాక్టరుకు రాయండి.

కింద నవ్వులే నవ్వులు. పగలబడి నవ్వే బొమ్మలు. ఎవరో బెంగళూరు ఆర్కిటెక్టు ఒకామె, "కూర ఏమిటో కనుక్కోండి సార్" అని రాసింది. దానికి మళ్ళీ నవ్వులు.

నాకు చెవుల్లోంచి సెగలు వచ్చాయి. ఫోను పట్టుకుని అట్లాగే షెడ్డులోకి నడిచాను. మా నాయన ఒక బిళ్ళను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏందిమ్మా, మొగం అట్ల పెట్టినావు?"

"ఏం లేదు నాయనా. ఎండ."

ఆయన మళ్ళీ రాయి కొట్టుకున్నాడు. నా ఒక్కదాని మీద నవ్వి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మా నాయన చెవి మీద నవ్వాడు వాడు. అదీ ఎవరు? పట్నంలో పుట్టి పెరిగినవాడైతే తెలియక నవ్వాడని వదిలేస్తాం. వీడిది గిద్దలూరు! వాళ్ళమ్మ ఎంతమందికి విస్తరి వేసి ఉంటుందో వాడికి తెలియదా? తెలిసే నవ్వాడు. నలుగురి ముందు తాను మారుమూల వాడు కాదనిపించుకోవడానికి నన్ను మారుమూలకు తోశాడు. నీ నోట్లో దుమ్ము పడ, నీకు వడ్డించే రోజు రాకపోతుందా అనుకున్నాను. ఆ మాట పైకే అన్నట్టున్నాను, మిషను మోతలో ఎవరికీ వినపడలేదు.

మొదట అతని పోస్టు కింద తిట్లు రాశాను. బాగా రాశాను, మా అవ్వ బతికుంటే మెచ్చుకునేది. పంపబోయి చెరిపేశాను. పంపితే నాలుగో పాఠం అవుతుంది, అంతేగా! నేను ఏడ్చినా వాడికి లాభమే, తిట్టినా వాడికి లాభమే.

కాబట్టి ఆ నవ్విన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఆర్కిటెక్టులు, ఇంటి అలంకరణ వాళ్ళు, బిల్డర్లు. ఓర్నీ! డీలరు మా కంటికి కూడా కనపడనీయని మనుషులందరినీ ఇతను ఒకేచోట కూర్చోబెట్టి పెట్టాడు. నన్ను నవ్వులపాలు చేయడానికి పిలిచిన పేరంటం అది. ఆ పేరంటాళ్ళనే నేను మా ఇంటికి తిప్పుకోదలిచాను.

ఒక వీడియో తీశాను. అందులో మా నాయన ముఖం లేదు, చెయ్యి ఒక్కటే ఉంది. మంచి రాయిని వేలితో కొడతాడు, ఖంగున మోగుతుంది. పగిలిన రాయిని కొడతాడు, మోత చప్పగా చస్తుంది. అంతే. దానికి తోడు, "వినండి అన్నా", "వినండి అక్కా" అని ఒక మాట. చివర, "ఈ పక్కకు వస్తే అన్నం తిని పోండి." అవును, ఆ రెండూ తీసెయ్యలేదు. తీస్తే అతని పాఠం నేర్చుకున్నట్టే కదా! మొండితనమనండి, ఇంకేమైనా అనండి. అతని పోస్టు కింద నవ్విన ప్రతి మనిషికీ ఆ వీడియో పంపాను.

కొందరు నన్ను బ్లాక్ చేశారు. చాలామంది పలకలేదు. కూర ఏమిటో అడగమన్న బెంగళూరామె మాత్రం జవాబిచ్చింది.

"ఆ మెసేజ్ రాసింది మీరేనా?"

"నేనే అక్కా."

తెల్లారి, "క్షమించండి. నమూనాకు కొన్ని బిళ్ళలు పంపుతారా?" అని వచ్చింది. పంపాను. కొన్ని వారాలకు ఆమే కారు వేసుకుని మార్కాపురం వచ్చింది. మా నాయన దగ్గర కూర్చుని తాను కూడా రాళ్ళు కొట్టి కొట్టి విన్నది. మధ్యాహ్నం విస్తరి వేసి, అలసందల కూర వడ్డిస్తూ, "ఆరోజు మీరు కూర ఏందని అడిగినారు గదక్కా, చెప్పేదానికి ఆలస్యమయింది" అన్నాను. ఆమె ముఖం కందగడ్డ అయింది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెను అక్కడితో వదిలేశాను. ఆమె వల్ల ఇంకో ఇద్దరు పరిచయమయ్యారు, వాళ్ళ వల్ల మరికొందరు. చిన్న చిన్న పనులు రావడం మొదలైంది. షెడ్డు నిలబడేంత కాదు, ఊపిరి ఆడేంత.

ఈలోపు అతని పోస్టులు రోజూ చదివేదాన్ని. ఒక రోజు మర్యాద గురించి పాఠం రాశాడు. ఎదుటి మనిషిని గౌరవించడమే అసలు పెట్టుబడి అట! అబ్బో, అది చదివి నేను అన్నం సహించక లేచాను.

దసరాకు ఇంక ఎన్నో రోజులు లేవనగా బెంగళూరు అక్క ఫోను చేసింది. హైదరాబాదులో ఆమె గీసిన పెద్ద భవనం ఒకటి లేస్తోంది, గోడలన్నిటికీ పలకరాయే. మా షెడ్డు రాయే కావాలని ఆమె రాసిచ్చింది. అది వస్తే ఏడాది పాటు మిషను ఆగదు. డీలరు గడప తొక్కడు. అప్పుడామె, "సరుకు చూడటానికి కంపెనీ మనిషి వస్తాడు" అని అతని పేరు చెప్పింది. వాడే! "ఇక నీ ఇష్టం" అని ఆమె ఫోను పెట్టేసింది.

సరిగ్గా అన్నం వేళకు దిగాడు. చలువ అద్దాలు, ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి గుర్తు పట్టలేదు. అసలు గుర్తుంచుకుంటే కదా! అన్ని నెలలు నేను మోసిన మంట అతనికి ఒక పూట సరదా. నాకు అదే ఎక్కువ మండింది. రాళ్ళు చూసి, బాగున్నాయని తెలిసి, నాలుగు రోజులు ముందుగా లోడు రాబట్టుకోవాలని నెమ్మదిగా గొంతు మార్చాడు.

"మాదీ ఈ పక్కనే, గిద్దలూరు కాడలే అక్కా."

ఆహా! పనిబడేసరికి ఊరు గుర్తొచ్చిందా?

ఆ మాట వినగానే మా నాయన ఉలి కింద పెట్టేశాడు. "ఏ ఊరబ్బాయ్? ఎవరింటోళ్ళు?"

అదే ప్రశ్న. ఎర్రగీత గీసిన ప్రశ్న. ఈసారి అతను ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఊరు, వాళ్ళ తాత, వాళ్ళమ్మ పుట్టిల్లు. మా నాయన వేళ్ళు ముడుచుకుంటూ లెక్క కట్టి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఇంగేంది! వరసకు నాకు కొడుకువి నువ్వు. ఇది నీకు అక్క. టయానికే వచ్చినావు, అన్నం తినిపో."

"ఎందుకు పెద్దనాయనా మీకు శ్రమ..."

"శ్రమ ఏందిరా, మనింట్లో మనం తినేదానికి?"

కూర్చున్నాడు. అమ్మ నాటుకోడి పులుసు చేసింది. జొన్నరొట్టె, వేరుశనగ చట్నీ, అన్నం. నేనే వడ్డించాను. ఇట్లాంటి తిండి తిని ఎన్నేళ్ళయిందో అంటూ వేళ్ళు నాకాడు. మా నాయన ఆ మురిపెంలో, పండగ లోపలే లోడు పంపిస్తానని మాటిచ్చేశాడు. నేను నోరు విప్పలేదు. అన్నం ముందు కూర్చున్న మనిషి మీద చెయ్యే కాదు, మాట కూడా ఎత్తకూడదు. పగవాడైనా సరే, చెయ్యి కడిగేదాకా అతను మా చుట్టమే. మా అవ్వ నేర్పిన మర్యాద అది. కాబట్టి ఇంకో ముక్క వేశాను, ఇంకొంచెం పులుసు పోశాను. తిను నాయనా, బాగా తిను.

చెయ్యి కడగడానికి దొడ్లోకి వచ్చాడు. చెంబుతో నీళ్ళు నేనే పోశాను. తువ్వాలు ఇచ్చాను. తర్వాత ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టాను.

చదివాడు. నల్లగీత వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా... అది... తెలియక..."

"గట్టిగా మాట్లాడొద్దు. నాయన ఇనకూడదు. తెలియక కాదు, తెలిసే నవ్వినావు. మీయమ్మ ఎవరినన్నా అన్నం పెట్టకుండా పంపించిందా ఎప్పుడన్నా?"

తల దించుకున్నాడు. "ఇప్పుడే తీసేస్తానక్కా. ఇదిగో, నీ ముందరే."

"తీసినావంటే రాయి లేదు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"దాని కిందనే రాయి. ఈ మెసేజ్ రాసినామె ఇంట్లో ఈరోజు అన్నం తిన్నాను, మాదీ ఆ పక్కే, రాయి కోసం నేనే వాళ్ళింటికి వచ్చినాను అని. నీ పేరు మీదనే."

"అక్కా, నా పరువు పోతది. వేలమంది చూస్తారు."

"పరువా? నాకూ ఒకటి ఉండె. అదీ వేలమందే చూసినారు."

అతను వాకిట్లో కారు వైపు చూశాడు. వాడు కారెక్కి వెళ్ళిపోతే లోడు పోతుంది. దసరాకు డీలరు కుంకుమ గిన్నె పట్టుకుని మా మిషను ముందు నిలబడతాడు, మా నాయన పక్కన చేతులు కట్టుకుని చూస్తాడు. ఒక ముక్క పగ కోసం నాయన షెడ్డునే ఒడ్డుతున్నానా అనిపించింది. అయినా ఫోను దించలేదు. దించి ఉంటే ఆ షెడ్డులో ఇంకెప్పుడూ తలెత్తి నడవలేకపోయేదాన్ని.

వాడు పోలేదు. రాయి లేకుండా పోతే బెంగళూరు అక్క వాళ్ళ కంపెనీని ఊరుకోదని వాడికీ తెలుసు. తన ఫోను తీశాడు. తడి వేలికి అది పలకలేదు. తువ్వాలు మళ్ళీ అందించాను. మొదట ఏదో పొరపాటు జరిగిందని తియ్యగా మొదలుపెట్టాడు, చెరిపించాను. చెప్పింది చెప్పినట్టు రాయించాను. రాసి, పంపబోతూ నా వైపు చూశాడు.

"కూర ఏందో కూడా రాయి. అడిగినోళ్ళుండారు."

నాటుకోడి పులుసు అని రాశాడు.

కారు దాకా పోయేలోపే అతని ఫోను మోగడం మొదలైంది. పాత పోస్టు మళ్ళీ అందరి కళ్ళ ముందుకు వచ్చింది. అన్నిటికంటే ముందు బెంగళూరు అక్క, "రుచి ఎలా ఉంది సార్?" అని రాసింది. ఆ తర్వాత నవ్వులు కట్టలు తెంచుకున్నాయి. ఈసారి ఎవరి మీదో నేను చెప్పనక్కర్లేదు. మా నాయన పరుగున వచ్చి వేరుశనగకాయల మూట కారులో పెట్టి, "మళ్ళ రా కొడుకా" అన్నాడు. వాడు వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.

"మంచి పిల్లోడమ్మా. మనోడు" అన్నాడు మా నాయన, కారు మలుపు తిరిగాక.

"అవును నాయనా" అన్నాను. పళ్ళు నూరుకుంటూనే అన్నాను.

దసరాకు మిషనుకు కుంకుమ మా నాయనే పెట్టాడు, గుమ్మడికాయ ఆయనే కొట్టాడు. డీలరు ప్రసాదం తీసుకుని పోయాడు. ఆ పోస్టు గురించి మా నాయనకు ఇప్పటికీ తెలియదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, కింద నాటుకోడి పులుసుతో సహా. అతని కంపెనీ మా రాయే కొంటోంది, అందుకని నన్ను అడగకుండా తీయడానికి అతనికి ధైర్యం చాలదు. పండగ పండగకూ శుభాకాంక్షలు చెప్పి, చివర, "అక్కా, ఇప్పుడన్నా తీసేయనా?" అని అడుగుతాడు. నేను చదివినట్టు అతనికి తెలిసేలా మెసేజ్ తెరుస్తాను. జవాబు ఇవ్వను. ఈ పక్కకు వస్తే మాత్రం, అన్నం పెడతాను.